అరిగిపోయిన రికార్డు... ఓసారి వినండి!

పెద్దవాళ్లు చెప్పిందే చెబుతుంటే విసుక్కుంటాం. ఇంగ్లండ్‌కు చెందిన ఓ కళాకారుడు మాత్రం ఆ తిరగలి మాటలకే చెవి ఒగ్గి, పాత బాల్‌రూమ్ రికార్డులతో ఆరున్నర గంటల సంగీతం అల్లాడు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో అటకల మీద పడి ఉన్న పద్యాల రికార్డులకు, ఆ పద్యాలు ఇంకా మరిచిపోని తాతలకు కూడా ఆ ఆల్బమ్‌తో సంబంధం ఉంది.

'అబ్బా... అరిగిపోయిన రికార్డులా ఎన్నిసార్లు చెబుతావు తాతయ్యా!'

ఈ మాట వినపడని ఇల్లుంటుందా? గ్రామఫోను పెట్టెలు మూలపడి అర్ధశతాబ్దం దాటింది. రికార్డంటే ఏమిటో చూడని పిల్లలు కూడా ఈ మాట అలవోకగా అనేస్తారు. సూది ఒకే గాడిలో ఇరుక్కుని ఒకే ముక్కను తిప్పి తిప్పి వినిపించే ఆ నల్ల పళ్లెం మన విసుగుకు అలా మారుపేరైపోయింది.

మరి ఆ అరిగిన రికార్డునే ఎవరైనా పనిగట్టుకుని వింటే? అందులోని గరగరను, తడబాటును, మళ్లీ మళ్లీ మొదటికొచ్చే ముక్కను తుడిచేయకుండా దాన్నే సంగీతం చేస్తే? జేమ్స్ లేలండ్ కర్బీ చేసింది అదే. ఆ ఆల్బమ్ పేరు 'ఎవ్రీవేర్ ఎట్ ది ఎండ్ ఆఫ్ టైమ్'. 2016 సెప్టెంబరులో మొదలై 2019 మార్చి దాకా ఆరు విడతలుగా వచ్చింది. మతిమరుపు వ్యాధి మనిషిని మెట్టు మెట్టుగా ఎలా కిందికి దించుతుందో ఒక్క మాట కూడా చెప్పకుండా వినిపించే ప్రయత్నం అది.

ఖాళీ హోటల్లో పాట

కర్బీది మాంచెస్టర్ పక్కనున్న స్టాక్‌పోర్ట్. ఆయన 'ద కేర్‌టేకర్' అనే పేరుతో 1999లో మొదటి ఆల్బమ్ తెచ్చాడు. కేర్‌టేకర్ అంటే కాపలాదారు. ఆ పేరు వెనక ఓ సినిమా ఉంది. 1980లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన 'ద షైనింగ్'లో కథానాయకుడు చలికాలమంతా మూసి ఉండే కొండ మీది హోటల్‌కు కాపలాదారుగా వెళతాడు. మనుషుల్లేని ఆ హోటల్ బాల్‌రూమ్‌లో ఓ రాత్రి అతనికి పాతకాలపు విందు కనిపిస్తుంది. కోట్లు, గౌన్లు వేసుకున్న జంటలు, బ్యాండు, 1930ల నాటి పాట! చూస్తున్న మనకు వెన్ను జలదరిస్తుంది. కర్బీకి అక్కడే తన సంగీతానికి దారి దొరికింది.

ఆ సినిమాలో వినిపించే గొంతు ఆల్ బౌలీ అనే గాయకుడిది. ఆ కాలంలో లండన్ డ్యాన్స్ బ్యాండ్లలో ఆయనది మోగిపోయిన పేరు. మన దేశంతోనూ ఆయనకు చుట్టరికం ఉంది. లండన్ చేరకముందు, 1920ల్లో కలకత్తా గ్రాండ్ హోటల్ బ్యాండులో పనిచేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో 1941 ఏప్రిల్ 17న లండన్ మీద జరిగిన బాంబుదాడిలో చనిపోయాడు. మనిషి పోయాడు కానీ లక్క పళ్లేల మీద గొంతు మిగిలింది. కర్బీ చేతికి చిక్కింది ఆ మిగిలిన గొంతే.

2010 డిసెంబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో కర్బీ కొన్ని పాత రికార్డులు కొన్నాడు. వాటితో 2011లో 'యాన్ ఎంప్టీ బ్లిస్ బియాండ్ దిస్ వరల్డ్' చేశాడు. అల్జీమర్స్ వచ్చినవాళ్లు కూడా తాము పడుచువాళ్లుగా ఉన్నప్పుడు విన్న పాటల్ని గుర్తుపడతారన్న పరిశోధన దానికి ప్రేరణ. ఆయన పేరు అందరికీ తెలిసింది ఆ ఆల్బమ్‌తోనే.

ఇలాంటి సంగీతాన్ని ఆంబియెంట్ అంటారు. పల్లవి, చరణం, దరువు అని వెతుక్కోనక్కర్లేదు. సాంబ్రాణి పొగలా గదంతా పరుచుకుంటుంది. బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో 1978లో విమానాశ్రయాల కోసమంటూ చేసిన ఆల్బమ్‌తో ఆ పేరు స్థిరపడింది. ఈనో సంగీతం మనసుకు కాస్త నెమ్మదినిస్తుంది. కర్బీది మొదట్లో అలాగే ఉంటుంది కానీ పోనుపోను నెమ్మది కరువవుతుంది.

ఆరు మెట్లు

మొదటి విడత హాయిగానే ఉంటుంది. ట్రంపెట్, పియానో, వయొలిన్... పెళ్లివిందులో దూరంగా వాయిస్తున్నట్టు ఓ తియ్యటి బాణీ. మొదటి ముక్కకు ఆధారం ఆల్ బౌలీ పాడిన 'హార్ట్ఏక్స్' పాట. కొంచెం గరగర ఉన్నా పాత రికార్డు కదా అని సరిపెట్టుకుంటాం. ఇంటిపెద్ద తాళంచెవి ఎక్కడో పెట్టి వెతుక్కుంటుంటే 'వయసైపోయింది' అని నవ్వుకుంటామే, అలాగన్నమాట.

రెండో విడతలో బాణీలు అవే తరహావి. కానీ దిగులు కమ్ముకుంటుంది. ఏదో తేడాగా ఉందని తనకే తెలిసిపోయిన మనిషి మనసులా ఉంటుంది. మూడో విడతలో ముక్కలు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. మొదట విన్న బాణీ మళ్లీ తొంగిచూస్తుంది, 'ఇది నాకు తెలుసు' అనుకునేలోగా చెదిరిపోతుంది.

నాలుగో విడత దగ్గర నేల జారిపోతుంది. మూడు నాలుగు నిమిషాల పాటలు మాయమై, ఒక్కో ముక్క ఇరవై నిమిషాలు దాటుతుంది. ఏ వాద్యం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలియదు. మధ్యలో ఒక్కచోట మాత్రం మెత్తటి వెలుగులాంటి ముక్క వస్తుంది. ఇంట్లో ఇలాంటి రోగి ఉన్నవాళ్లకు ఆ ముక్క బాగా అర్థమవుతుంది. రోజంతా ఎవరినీ పోల్చుకోని అమ్మ ఉన్నట్టుండి 'అన్నం తిన్నావా అయ్యా' అని అడుగుతుంది చూడండి... ఆ క్షణమన్నమాట.

ఐదో విడతలో గందరగోళం మరీ ముదురుతుంది. ఆరో విడతలో పాట అనేదే లేదు. పెద్ద ఖాళీ గోదాములో గాలి హోరులాంటి శబ్దం మిగులుతుంది. చివరి నిమిషాల్లో అనుకోకుండా ఓ బృందగానం తేటగా వినిపిస్తుంది. ఆ తర్వాత ఒక నిమిషం నిశ్శబ్దం. ఆల్బమ్ అయిపోతుంది.

అట్టల మీది బొమ్మలదీ ఇదే దారి. ఐవన్ సీల్ అనే చిత్రకారుడు వేశాడు వాటిని. ఇదీ ఫలానా వస్తువని ఒక్కదాన్నీ ఖాయంగా చెప్పలేం. చివరి దాని మీద బొమ్మే ఉండదు, టేపు అంటించిన ఖాళీ పలక తప్ప. ఈ ఆల్బమ్‌తో కర్బీ 'కేర్‌టేకర్' అనే పేరుకే ముగింపు పలికాడు. ఇరవై ఏళ్లు మోసిన ఆ పాత్రకే మతిమరుపు వ్యాధి వచ్చినట్టు ఊహించి సాగనంపాడు.

మన బాల్‌రూమ్... నాటకాల పందిరి

'బాల్‌రూమ్‌కీ మనకీ ఏం సంబంధం?' అంటారా? నిజమే. చేయీ చేయీ పట్టుకుని జంటలు అడుగులేసే హాళ్లు పత్తి చేల మధ్య ఎక్కడుంటాయి! కానీ ఆ ఇంగ్లిష్ పాటలు రికార్డులకెక్కిన కాలంలోనే ఈ నల్లరేగడి నేల మీద ఇంకో సంగీతం రాజ్యమేలింది. అది పద్యనాటకం. తిరునాళ్లొస్తే రాత్రంతా నాటకమే. పందిట్లో పెట్రోమాక్స్ దీపాలు, హార్మోనియం, తెల్లవారుజాము దాకా రాగాలు.

ఈ ప్రాంతం ఆ రంగానికిచ్చిన మనుషులూ తక్కువవాళ్లు కారు. స్త్రీ పాత్రల్లో ఆడవాళ్లనే మరిపించిన స్థానం నరసింహారావు 1902లో పుట్టింది బాపట్లలో. వేలు నోట పెట్టి ఈలతో రాగాలు పలికించిన కల్యాణం రఘురామయ్యది గుంటూరు జిల్లా సుద్దపల్లి. ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఊరూరా ఆడిన హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం ఈ జిల్లావాడే. ఆ నాటకం కాటిసీనులోకి చేరి జనం గుండెలు పిండిన శ్మశాన పద్యాలు వినుకొండ బిడ్డ గుర్రం జాషువావి.

ఈ గొంతుల్ని ఇళ్లలోకి తెచ్చింది గ్రామఫోను. మన దేశంలో రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. కొన్నేళ్లకు ఆ యంత్రం తెలుగు నాటకాన్నీ పట్టుకుంది. విడి పద్యాలతో పాటు నాటకాలకు నాటకాలే రికార్డుల సెట్లుగా వచ్చాయి. ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. పందిట్లో తీరిగ్గా సాగే రాగాన్ని ఆ మూడు నిమిషాల్లో కుదించి పాడాల్సి వచ్చేది. ఊళ్లో ఒక్కరింట కుక్కబొమ్మ పెట్టె ఉంటే చాలు, సాయంత్రానికి ఆ అరుగు నిండిపోయేది. తర్వాత మైకుసెట్లొచ్చి, పెళ్లిళ్లలో ఈ రికార్డులే చెట్టు కొమ్మకు కట్టిన బాకాల్లోంచి ఊరంతటికీ వినిపించాయి.

ఆ గరగర ఎక్కడిది?

ఇంగ్లిష్ రికార్డయినా తెలుగు రికార్డయినా తయారీ ఒకటే. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పళ్లేలకు ముఖ్య పదార్థం లక్క. చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టేదే. ప్రపంచానికి అది ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. లండన్ హాళ్లలో మోగిన పాటను మోసిన పళ్లెంలోనూ మన అడవుల సరుకు ఉందన్నమాట!

లక్కలో రాతిపొడి లాంటివి కలిపి అచ్చు పోసేవారు. ఉక్కు సూది ఆ గాడిలో నడుస్తుంటే సూదీ అరిగేది, గాడీ అరిగేది. అందుకే ఒక్కో వైపు వాయించగానే సూది మార్చాలనేవారు. సూదులు ఆదా చేద్దామని పాతదాంతోనే లాగించిన ఇళ్లలో రికార్డులు తొందరగా పాడయ్యేవి. జనం ఎక్కువ ఇష్టపడిన పద్యమే ఎక్కువసార్లు తిరిగేది. అంటే ఎక్కువ అరిగేదీ అదే! ఒక రికార్డు గరగరలాడుతోందంటే ఆ ఇంట్లోవాళ్లు దాన్ని మనసారా విన్నారని అర్థం.

లక్కకు ఎండ పడదు. వేడికి మెత్తబడి వంకర తిరుగుతుంది. రెంటచింతల ఎండలు మనకు కొత్తా? రేకుల కప్పు కింద, అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న రికార్డుల గతి ఏమవుతుందో ఊహించుకోవచ్చు. చేయి జారితే పెంకులా పగులుతుంది కూడా.

వన్స్ మోర్!

కర్బీ ఆల్బమ్‌లో తరచూ వాడిన కిటుకు ఒకటుంది. పాటలోంచి ఒక చిన్న ముక్క తీసి దాన్నే తిప్పి తిప్పి వినిపిస్తాడు. ముగింపు దగ్గరకొచ్చినట్టే వచ్చి మళ్లీ మొదటికి పోతుంది.

పద్యనాటకం చూసినవాళ్లకు ఇది తెలియని సంగతి కాదు. పద్యం అదిరిందంటే జనంలోంచి 'వన్స్ మోర్' అని కేక పడేది. నటుడు కథ ఆపి, అదే పద్యం మళ్లీ ఎత్తుకునేవాడు. చచ్చి పడి ఉన్న పాత్ర లేచి పద్యం పాడి మళ్లీ పడుకునేదని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. అక్కడ మళ్లీ పాడటమంటే గౌరవం. నటుడు రెండోసారి ఇంకో రాగం వేసి, ఇంకో మెలిక తిప్పి రక్తి కట్టించేవాడు.

కర్బీ తిప్పే ముక్కలో కొత్త మెలిక ఉండదు. ఒకసారి పాడేశానన్న సంగతే ఆ ముక్కకు తెలియదు. 'బస్సొచ్చిందా?' అని పది నిమిషాలకోసారి అడిగే తాతయ్యకు ప్రతిసారీ అది మొదటిసారే. మనకు పదోసారి. అదే ప్రశ్న ఎదుట ఆయన బెంగ, మన విసుగు... ఈ రెంటి మధ్య దూరాన్ని చెవితో కొలిపిస్తుందీ ఆల్బమ్. రెండు గంటలు వినేసరికే మనకు చిరాకు పుడుతుంది. 'మరి అందులోనే బతికేవాళ్లకో?' అన్న ప్రశ్న వెంటనే తడుతుంది.

పేరు పోయినా పద్యం పోదు

భార్య పేరు తడుముకునే మనిషి పద్యం అందిస్తే రాగంతో సహా పూర్తి చేస్తాడు. ఇది వింతేం కాదు, దీని మీద పరిశోధనలు జరిగాయి. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు 2015లో 'బ్రెయిన్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎన్నాళ్లుగానో తెలిసిన పాటల్ని గుర్తించేటప్పుడు మెదడులో ఏ భాగాలు పనిచేస్తాయో చూశారు. అల్జీమర్స్ రోగుల మెదడు చిత్రాలతో పోల్చారు. పాటల జ్ఞాపకానికి కీలకమైన ఆ భాగాలు మిగతావాటితో పోలిస్తే తక్కువ దెబ్బతిన్నాయని తేలింది. వరదొచ్చినప్పుడు ఊళ్లోకెల్లా మెరక మీదున్న ఇల్లులాగా అన్నమాట. పూర్తిగా మునగదని కాదు, ఆఖరున మునుగుతుంది.

మనిషికి పదేళ్ల నుంచి ముప్పయ్యేళ్ల వయసు మధ్య సంగతులు మిగతావాటికంటే గట్టిగా నాటుకుంటాయని మానసిక శాస్త్రం చెబుతోంది. అందుకే ఒక తాతకు రఘురామయ్య పద్యం, ఇంకో బామ్మకు ఘంటసాల పాట. రేపు మన వంతు వచ్చేసరికి మనకు ఏ పాట మిగులుతుందో!

ఇది ఎవరింట్లోనో జరిగే సంగతి కాదు. మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఓ జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వాళ్లలో చాలామందిని 'చాదస్తం' అన్న ఒక్క మాటతో మూలన కూర్చోబెడుతున్నాం. నిజానికి మతిమరుపంతా అల్జీమర్సే కాదు. బి12 లోపం, థైరాయిడ్ తేడాలు, కుంగుబాటు వల్ల కూడా రావచ్చు, వాటికి వైద్యం ఉంది. అసలు డాక్టరుకు చూపిస్తేనే కదా ఏదో తెలిసేది!

విమర్శలూ ఉన్నాయి

2020లో ఈ ఆల్బమ్‌కు ఉన్నట్టుండి కొత్త శ్రోతలొచ్చారు. 'ఆరున్నర గంటలూ ఆపకుండా వినగలవా?' అంటూ విదేశాల్లో కుర్రకారు టిక్‌టాక్‌లో పందేలు వేసుకున్నారు. ఒక రోగాన్ని ఇలా దమ్ము పరీక్షగా మార్చడమేమిటని కొందరు మండిపడ్డారు. దీని పుణ్యాన మా అమ్మమ్మ అవస్థ అర్థమైందని ఇంకొందరు రాసుకున్నారు.

ఇంకో పేచీ కూడా ఉంది. మతిమరుపు వచ్చిన మనిషి లోపల ఏం వినిపిస్తుందో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది? తెలియదు. ఇది కళాకారుడి ఊహే తప్ప డాక్టరు రిపోర్టు కాదు. పైగా ఈ కథలో పక్కనుండి అన్నం కలిపి పెట్టే మనిషి వినిపించదు. అందరూ ఒకే వరసలో ఆరు మెట్లూ దిగరు కూడా. ఆల్బమ్ వినేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మనసు బాగోలేని రోజున ఒక్కరే కూర్చుని వినదగ్గ సంగీతం కాదిది.

మన దగ్గర ఎవరు చేస్తారు?

కర్బీ అరుదైన నిధులేవీ తవ్వలేదు. ఎవరో వదిలేసిన రికార్డులు కొని, శ్రద్ధగా విన్నాడు. మన దగ్గరా ఆ ముడిసరుకు ఉంది. వి.ఎ.కె. రంగారావు లాంటివారు చెన్నైలో కూర్చుని దశాబ్దాలపాటు వేల సంఖ్యలో పాత రికార్డులు సేకరించబట్టి కొంతైనా దక్కింది. అటకల మీద మిగిలినవాటికి మాత్రం లెక్కాపత్రం లేదు. ఎండాకాలం వచ్చి పోయిన ప్రతిసారీ కొన్ని తగ్గుతుంటాయి.

చట్టం కూడా మరీ అడ్డం కాదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగు మీద హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి అరవై ఏళ్లు ఉంటుంది. 1930ల నాటి రికార్డులకు ఆ గడువు ఎప్పుడో దాటింది. అయితే అందులోని పద్యం హక్కు వేరు. అది కవి పోయాక అరవై ఏళ్ల దాకా ఉంటుంది. 1953లో పోయిన బలిజేపల్లి పద్యాలకు ఇబ్బంది లేదు, 1971లో పోయిన జాషువావి వాడాలంటే అనుమతి చూసుకోవాలి. ఆ గొంతుల గరగరతో కొత్త సంగీతం అల్లే కుర్రాడు మన సత్తెనపల్లిలోనో చీరాలలోనో పుట్టకూడదని లేదు.

అంతదాకా ఇంట్లో చేయదగ్గ పనులు రెండున్నాయి. అటక మీద రికార్డులుంటే దించి, ఎండ తగలనిచోట నిలువుగా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి దొంతరలుగా పేర్చొద్దు. తడిగుడ్డతో రుద్దొద్దు. వాయించే మనిషి దొరికితే ఫోనులో ఓసారి రికార్డు చేసుకోండి, గరగరతో సహా.

రెండో పని ఇంకా తేలిక. ఇంట్లో పెద్దవాళ్లు బాగా ఉన్నప్పుడే ఓ కాగితం పట్టుకుని కూర్చోండి. చిన్నప్పుడు ఏ నాటకం చూశారు? ఏ పద్యం నోటికొచ్చు? పెళ్లిలో మైకులో ఏ పాట మోగింది? అడిగి రాసుకోండి. ఇప్పుడది ఊసుపోని కబుర్లలా అనిపించవచ్చు. పదేళ్ల తర్వాత, వాళ్లు మిమ్మల్ని పోల్చుకోలేని రోజున మొదటి పాదం అందించడానికి ఆ కాగితమే అక్కరకొస్తుంది. రెండో పాదం వాళ్లే ఎత్తుకుంటారేమో... ఎవరు చూడొచ్చారు!